మామా బీరువాలో మూడు సీసాలు

నీళ్ళన్న చనిపోయాడన్న కబురు ఆయన బదులు వచ్చిన కొత్త మనిషి చెప్పాడు. గురువారం పొద్దున పదింటికి బెల్లు మోగితే ఆయనే అనుకుని తలుపు తీశాను. అదే నీలం చొక్కా, అలాంటి సంచే. మొహం మాత్రం వేరే. పాతాయన ఏడని హిందీలో అడిగాను. "సెలవు మీద ఊరికి పోయాడు కదా, అక్కడే గుండెపోటు వచ్చింది" అన్నాడతను, చెప్పులు విడుస్తూ.

నేను నమ్మలేదు. కువైట్‌లో ఒక మనిషి ఉన్నట్టుండి కనబడకపోతే చెప్పే కారణాలు నాకు చాలా తెలుసు. కంపెనీ ఇఖామా, అంటే ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి, కొత్తది చేయించక పంపించేసినా "ఊరికి పోయాడు" అంటారు. కఫీల్‌తో, అంటే పూచీ ఉన్న యజమానితో, గొడవైనా అదే మాట. ఈ కొత్త మనిషి పాతాయన పని లాక్కుని కథ చెబుతున్నాడేమోనని కూడా అనుకున్నాను. వంటింట్లోకి వెళ్ళి నీళ్ళన్న ఊరి నంబరుకు ఫోన్ చేశాను. ఒక ఆడపిల్ల ఎత్తింది.

"ఎవలు?"

"కువైట్ నుంచి అమ్మా. మీ నాయిన చేపల తొట్టి చూసే ఇంట్లో పనిచేస్తాండా."

 "అత్తా, నువ్వేనా! బాపు నీ గురించి చెప్తుండె" అని ఏడ్చింది. అప్పుడు నమ్మాను.

ఆయన పేరు రాయను. మా ఇంట్లో ఆయన్ను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. నీళ్ళు చూసే అన్న కాబట్టి నాకు నీళ్ళన్న. జగిత్యాల దగ్గరి మనిషి. పడుచు వయసులో వచ్చి షువైఖ్ రేవులో మూటలు మోశాడట. నడుము పట్టేశాక అక్కడే ఒక అక్వేరియం కొట్లో తొట్లు కడగడానికి చేరాడు. కడుగుతూ కడుగుతూ నేర్చుకున్నాడు. ఇంగ్లీషు చదవడం రాదు గానీ మందు సీసాల మీద ఏ అక్షరం దేనికో గుర్తుపట్టేవాడు. తనకు తెలిసినవన్నీ ఒక పొడుగు నోటుపుస్తకంలో తెలుగులో రాసుకునేవాడు.

నాది రాయచోటి దగ్గర పల్లె. ఇంటర్ దాకా చదివాను. పదకొండేళ్ళుగా ఒకే విల్లాలో ఇంటిపని. ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అంటాం, యజమానిని బాబా అంటాం. బాబా ఉద్యోగం మానుకున్నాక దీవానియాలో, అంటే మగవాళ్ళు కూర్చునే ముందుగదిలో, ఆరడుగుల అద్దాల తొట్టి కట్టించుకున్నాడు. అందులో చేపలకంటే పగడాలు ఎక్కువ. మొదట్లో అవి రాళ్ళనుకున్నాను. ఒకరోజు నేను దీపం వేయగానే ఒక రాయి సన్నటి వేళ్ళు లోపలికి ముడుచుకుంది. కెవ్వుమన్నాను. నీళ్ళన్న నవ్వాడు. "అవి జీవాలే చెల్లె. నీలెక్కనే, నాలెక్కనే. నడువవు, గంతే."

ఆయన అనుమానాల మనిషి. బకెట్ ఇస్తే ముందు వాసన చూసేవాడు. మా ఇంట్లో సబ్బు ముట్టేవాడు కాదు, చేతులు వట్టి నీళ్ళతోనే కడుక్కునేవాడు. తాగడానికి గ్లాసుడు నీళ్ళిస్తే కిటికీ వైపు ఎత్తి వెలుతురులో చూసి గానీ నోట్లో పోసుకునేవాడు కాదు. "ఎవర్నీ నమ్మవా అన్నా?" అని ఒకసారి అడిగాను. "నీళ్ళు అబద్ధం ఆడయి చెల్లె. కని అడిగినదానికే జవాబు చెప్తయి" అన్నాడు. ఆ మాట ఆయనకే ఎదురు తిరుగుతుందని అప్పుడు ఇద్దరికీ తెలియదు.

మూడేళ్ళ కిందటి చలికాలం చివర తొట్టికి జబ్బు మొదలైంది. అద్దం మీద గోధుమరంగు పొర పట్టింది. తర్వాత రాళ్ళ మీద పచ్చటి వెంట్రుకల్లా పాచి లేచింది. పగడాలు విచ్చుకోవడం తగ్గించాయి. బాబాకు ఇష్టమైన ఊదారంగు పగడం కొసలు తెల్లబడ్డాయి. నీళ్ళన్న చిన్న గాజు సీసాలో తొట్టి నీళ్ళు తీసి, రెండు మందుల చుక్కలు వేసి ఊపాడు. నీళ్ళు నీలంగా మారాయి.

"ఫాస్ఫేట్" అన్నాడు. ఎముకల్లో, ఎరువుల్లో, మనం తినే తిండిలో ఉండేదే అది. కొంచెం ఉంటే ఫరవాలేదు, పెరిగితే పాచికి పండగ, పగడానికి పస్తు అని చెప్పాడు. రంగు ఎంత నీలమైతే అంత ఎక్కువ ఉన్నట్టు. ఆ రోజు రంగు చూసి కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మేత ఎవలు ఏస్తున్నరు?"

"నేనే అన్నా."

"ఎంత ఏస్తున్నవు?"

"నువ్వు చెప్పినంతే. దినానికి ఒగ ముక్క."

అది అబద్ధం. గడ్డకట్టిన రొయ్య ముక్కలు రోజుకు రెండు వేసేదాన్ని. నారింజరంగు చేపలు రెండు నా చెయ్యి చూడగానే అద్దం దగ్గరికి వచ్చేవి. ఆ ఇంట్లో నన్ను చూసి ఎదురొచ్చేవి అవే. నా మొహంలో ఏం కనబడిందో గానీ, ఆయన వంటింట్లోకి నడిచాడు. గచ్చు తుడిచే బకెట్ వాసన చూశాడు. అద్దాలు తుడిచే మందు సీసా తిప్పి చూశాడు. "ఇది తొట్టి అద్దానికి కొట్టినవా?" అన్నాడు. లేదన్నాను. "నిజం చెప్పు చెల్లె."

అదంతా గుమ్మంలో నిలబడి మామా చూసింది. తెలుగు రాకపోయినా అనుమానం ఏ భాషలో ఉన్నా అర్థమవుతుంది. సాయంత్రానికి దీవానియాలో తొట్టికి ఎదురుగా కెమెరా పెట్టించింది. మేత డబ్బా తన గదిలోకి తీసుకుపోయింది. అద్దాలు తుడిచేటప్పుడు నా చేతిలో మందు సీసా చూశానని ఇంటి డ్రైవరు ఆమెతో అన్నాడు. అది నిజమే. కానీ నేను తుడిచింది కిటికీల అద్దాలు.

రెండు వారాలు మేత మామానే వేసింది. నీళ్ళన్న చెప్పినట్టు రొయ్య ముక్కను కడిగి, సగమే వేసేది. రెండు వారాల తర్వాత పరీక్ష చేస్తే రంగు ఇంకా ముదిరింది. నాకు లోపల సంతోషమైంది. మేత వల్ల కాదని తేలింది కదా! కానీ మామా లెక్క వేరే. మేత వల్ల కాకపోతే ఎవరో కావాలనే, కెమెరాకు అందనిచోట, పోసే నీళ్ళలోనే ఏదో కలుపుతున్నట్టు. అంతకు నెల ముందే మా తమ్ముడి పెళ్ళికి సెలవు అడిగితే ఆమె ఇవ్వలేదు. నేను రెండు రోజులు ముభావంగా ఉన్నాను. ఇప్పుడు ఆ రెండు రోజులు ఆమెకు గుర్తొచ్చాయి.

నా గది వెతికింది. మంచం కింద పెట్టెలో, లేబులు లేని ప్లాస్టిక్ సీసాలో పచ్చటి నూనె దొరికింది. ఊరి నుంచి మా అమ్మ పంపిన వేపనూనె కలిపిన కొబ్బరినూనె అది. తలకు రాసుకునేది. మూత తీస్తే గుప్పున చేదు వాసన. "షిను హాదా? ఏమిటిది?" అని సీసాను నా మొహం ముందు పెట్టింది. వేపాకును అరబ్బీలో ఏమంటారో నాకు తెలియదు. చెట్టు అన్నాను, మందు అన్నాను. మందు అన్న మాటతో ఇంకా చెడింది.

నీళ్ళన్నను పిలిపించారు. ఆయన సీసా మూత తీసి వాసన చూశాడు. వేపనూనె అని క్షణంలో తెలిసిపోయి ఉంటుంది. అయినా తల ఎత్తి నన్ను చూశాడు. ఆ చూపు మామా చూపు లాంటిదే. ఒంటరితనం అంటే ఏమిటో ఆ దేశంలో అంతకుముందు కూడా నాకు తెలుసు. సొంత భాష మాట్లాడే మనిషి కూడా అలా చూస్తే ఎలా ఉంటుందో మాత్రం ఆ రోజే తెలిసింది.

కానీ మామా వైపు తిరిగి అరబ్బీలో ఆయన ఇలా అన్నాడు. "ఇది తలకు రాసుకునే నూనె. నీళ్ళలో పడితే పైన తేలుతుంది, చేపలు చస్తాయి. చేపలన్నీ బాగున్నాయి. నూనె వల్ల ఫాస్ఫేట్ పెరగదు."

"మీరిద్దరూ ఒకే భాష మాట్లాడతారు" అంది మామా. "ఇకమీదట నా ముందు అరబ్బీలోనే మాట్లాడుకోండి."

నా ఇఖామా గడువు నెల రోజుల్లో తీరుతుంది. ఈ నీళ్ళ సంగతి తేలకపోతే ఖలాస్, టికెట్ కొనిస్తానని చెప్పింది. ఊరికి పోవడం గురించి నాకంత భయం లేదు. తొట్టిలో విషం కలిపిన పనిమనిషి అన్న మాట ఈ వీధి దాటితే చాలు, ఏ ఇంట్లోనూ నన్ను గడప తొక్కనివ్వరు. నా కూతురు అప్పుడు తొమ్మిదో తరగతి.

తర్వాతి గురువారం నీళ్ళన్న మామూలుకంటే ముందే వచ్చాడు. తొట్టి జోలికి పోలేదు. బట్టలుతికే గదిలో గోడకు బిగించిన నీళ్ళ యంత్రం ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. ఇక్కడ కుళాయిలో వచ్చేది సముద్రపు నీళ్ళనే మంచినీళ్ళు చేసి పంపినవి. అవి మిద్దె మీద ట్యాంకులో నిలిచి, కిందికి దిగి, ఈ యంత్రంలో మూడు గొట్టాలు, ఒక పొర, చివర గోధుమరంగు గుళికల డబ్బా దాటి డ్రమ్ములో పడతాయి. తొట్టిలో ఆవిరైపోయిన నీళ్ళకు బదులు రోజూ పోసేది ఈ డ్రమ్ము నీళ్ళే. ఏసీ గాలికి రోజూ ఒక బిందెడు ఆవిరయ్యేవి.

నీళ్ళలో ఏమైనా కరిగి ఉంటే చూపే మీటరు డ్రమ్ములో పెట్టాడు. శుద్ధమైన నీళ్ళైతే సున్నా చూపాలి, నాలుగు చూపింది. చుక్కలు వేసి ఫాస్ఫేట్ చూశాడు. నీళ్ళు తెల్లగానే ఉన్నాయి. నోటుపుస్తకంలో వెనక్కి వెనక్కి తిప్పాడు.  మామా గుమ్మంలో నిలబడి ఉంది కాబట్టి అరబ్బీలో అడిగాడు.

"ఈ ఇంట్లోకి ఈ మధ్య కొత్తగా ఏమొచ్చింది? మనిషి కాదు, వస్తువు."

ఇద్దరు తెలుగువాళ్ళం అరబ్బీలో మాట్లాడుకుంటుంటే ఎవరి మాటలో మేము అప్పజెబుతున్నట్టుండేది. నేను జవాబివ్వడానికి తటపటాయించాను. ఏం చెప్పినా నాకే చుట్టుకుంటుందని భయం. కానీ మిద్దె మీద బట్టలు ఆరేసేటప్పుడు రోజూ చూసే ఒక వస్తువు గుర్తొచ్చింది. చలికాలం మొదట్లో గీజర్లు రెండు వరసగా పాడైతే మామా ప్లంబర్ను పిలిపించింది. అతను ట్యాంకు కింద గొట్టానికి అరచేతంత గాజుగిన్నె లాంటిది బిగించాడు. లోపల పటికబెల్లం పలుకుల్లాంటివి నిండుగా ఉండేవి. ఇప్పుడు సగానికి తగ్గాయి.

"పైన చక్కెర లాంటిది ఉంది" అన్నాను అరబ్బీలో. పటికబెల్లానికి నాకు వేరే మాట దొరకలేదు.

ముగ్గురం మిద్దె ఎక్కాం. ఎండ మండిపోతోంది. నీళ్ళన్న ఆ గిన్నె ముందు వంగి, చేతిని ఎండకు అడ్డం పెట్టుకుని చూశాడు. తర్వాత అక్కడే గచ్చు మీద కూర్చుండిపోయాడు. మామా కట్టడి మరచిపోయి తెలుగులో అన్నాడు.

"గిదే చెల్లె. గీజర్ల సున్నం పట్టకుంట ఏస్తరు. గిది కరిగితే ఒచ్చేది ఫాస్ఫేటే."

"నీ చుక్కలకు దొరకలేదు గదన్నా?"

"గొలుసు లెక్క ముడేసుకొని ఉంటది. నా చుక్కలు విడి ఫాస్ఫేట్‌నే చూస్తయి, గొలుసును చూడయి. తొట్టిల పడ్డంక కండ్లకు కనవడని పురుగులు దాన్ని తెంపుతయి. అప్పుడు నీలం ఒస్తది. ఆవిరయ్యేది నీళ్ళే గని ఇది పోదు. దినాం పోస్తున్నం, దినాం జమైతున్నది." మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఇంకో మాట అన్నాడు, నెమ్మదిగా. "మిషిన్ల పొర, గుళికలు మంచిగుంటే ఇది దాటేది గాదు. మీటరు నాలుగు చూపెట్టినప్పుడే మార్చాలె. వచ్చే నెల, వచ్చే నెలని నేనే జరిపిన."

నేను చుట్టూ చూశాను. మామా మెట్ల దగ్గర నీడలో ఉంది. గొంతు తగ్గించి అన్నాను. "ప్లంబర్ మింద చెప్పన్నా. సరిపోతాది. నీ పేరు ఎత్తబాకు."

ఆయన నన్ను చూశాడు. ఈసారి ఆ చూపులో అనుమానం లేదు, అలసట ఉంది. "చెప్పుడెట్లనో తర్వాత చూద్దాం. ముందుగాల నేననేది నిజమో కాదో తేలాలె గద. నాదాంట్ల సుత తప్పుండొచ్చు."

కిందికి వచ్చాక మామాను మూడు గాజు సీసాలు అడిగాడు, ఆమె చేతులతోనే కడిగినవి. మొదటిదాంట్లో వట్టి డ్రమ్ము నీళ్ళు. రెండోదాంట్లో అవే నీళ్ళు, తొట్టిలో ఆ పురుగులుండే వడపోత స్పాంజి ముక్క ఒకటి. మూడోదాంట్లో మందుల షాపు నుంచి డ్రైవరు తెచ్చిన స్వచ్ఛమైన నీళ్ళు, అదే కొలతకు కోసిన స్పాంజి ముక్క. స్పాంజిలోనే మురికి ఉండి రంగు వస్తే మూడోది ఆ సంగతి చెబుతుందన్నాడు. మూతలు వదులుగా పెట్టించాడు. "వీటిని పది రోజులు మీ బీరువాలో పెట్టి తాళం వేసుకోండి" అన్నాడు మామాతో. "మేమెవరమూ ముట్టం. నేను కూడా."

మామా ఒక్క క్షణం ఆయన్ను చూసి, సీసాలను తన గది బీరువాలో పట్టుచీరలంత ఖరీదైన నల్లటి అబాయాల కింద పెట్టించి, తాళంచెవి చేతిసంచిలో వేసుకుంది. ఆమె పక్కకు పోయాక ఆయన నాతో అన్నాడు. "అనుమానం ఎవలకుంటే తాళం వాళ్ళ చేతికే ఇయ్యాలె చెల్లె."

ఆ పది రోజులు నేను తిన్నది ఒంటబట్టలేదు. నిజం చెప్పాలంటే నీళ్ళన్న మీద కూడా నాకు గురి కుదరలేదు. తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఈ సీసాల ఆట ఆడుతున్నాడేమో. సీసాలు ఏమీ చెప్పకపోతే చివరికి మిగిలేది నేనే కదా. మిద్దె మీద నాతో అన్న మాటలు బాబాతో అంటాడన్న హామీ ఏముంది? ముప్పై ఏళ్ళు కువైట్‌లో నెగ్గుకొచ్చిన మనిషి తన మెడకు తనే ఉరి ఎందుకు బిగించుకుంటాడు? మామా మమ్మల్నిద్దర్నీ అనుమానించింది, నేను ఆయన్ను అనుమానించాను, డ్రైవరు అందర్నీ అనుమానిస్తూ టీ తాగేవాడు.

పదో రోజు బాబా కూడా ఇంట్లోనే ఉన్నాడు. మామా తనే సీసాలు తెచ్చి దీవానియాలో బల్ల మీద పెట్టింది. నీళ్ళన్న చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఎన్ని చుక్కలో చెప్పాడు, వేసింది మామా. మొదటి సీసా నీళ్ళు తెల్లగా ఉండిపోయాయి. మూడోది లీలగా, ఉందా లేదా అన్నంత నీలం. రెండోది చూస్తుండగానే సిరాకలం కడిగిన నీళ్ళలా అయింది. మామా దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి అటూ ఇటూ తిప్పింది. ఇంకోసారి చేయమంది. ఇంకోసారీ అంతే.

"అయితే ఇది ఎవరి తప్పు?" అన్నాడు బాబా. గొంతులో కోపం లేదు, కానీ ఆ గదిలో అందరం ఆ ప్రశ్నకే భయపడుతున్నాం. మామా చూపు నేల మీద ఉంది. ప్లంబర్ను పిలిపించింది తనే.

నేను నీళ్ళన్న మొహమే చూస్తున్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నాది బాబా" అన్నాడు. "పైన గిన్నె పెట్టినవాళ్ళకు మీ ఇంట్లో పగడాలున్నాయని తెలియదు. నాకు తెలుసు. యంత్రంలో పొర మార్చాల్సిన సమయం దాటింది. మార్చలేదు. నీళ్ళు బాగున్నాయని ఒక్క పరీక్షతోనే అనుకున్నాను. ఈ పిల్ల ఏమీ చేయలేదు."

 

బాబా ఆయన్ను ఏమీ అనలేదు. కానీ కొట్టుకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాడు. కొట్టు యజమానే ఆయన కఫీల్. ఇళ్ళకు వెళ్ళే పని తీసేసి షువైఖ్ గోదాములో తొట్లు కడిగే పనికి మార్చాడు, మొదట చేరిన పనికే. మూడు నెలలు మా ఇంటికి వేరేవాళ్ళు వచ్చారు. మిద్దె మీది గిన్నె తీయించారు, యంత్రంలో పొరా గుళికలూ కొత్తవి వేశారు. పాచి మెల్లగా వదిలింది. ఊదారంగు పగడం మాత్రం బతకలేదు. బాబా ఆ తెల్లటి అస్థిపంజరాన్ని తీయనివ్వకుండా చాలా రోజులు అలాగే ఉంచాడు.

వచ్చినవాళ్ళు వచ్చినట్టే నీళ్ళు మార్చిపోయేవాళ్ళు. ఒకరు చుక్కలు వేయకుండానే కాగితం మీద అంకె రాశారు. అది కెమెరాలో మామా చూసింది. నా కోసం పెట్టించిన కెమెరా అది. మరుసటి రోజు బాబా కొట్టుకు ఫోన్ చేసి, "తప్పు ఒప్పుకున్న మనిషిని పంపండి" అన్నాడు.

మామా నాకు క్షమాపణ చెప్పలేదు. నేను ఎదురుచూడనూ లేదు. నా ఇఖామా కొత్తది చేయించమని కాగితాలు గడువుకు రెండు రోజుల ముందు బాబా చేతికిచ్చింది. ఒకరోజు పొద్దున లేచేసరికి మేత డబ్బా వంటింట్లో నా టీ గ్లాసు పక్కన ఉంది. అంతే.

నీళ్ళన్న తిరిగి వచ్చిన మొదటి గురువారం పని అయ్యాక, సంచి సర్దుకుంటూ అన్నాడు. "చెల్లె, నీళ్ళకంటె ముందుగాల నిన్ను అనుమానించిన. నూనె సీస చూసి సుత అనుమానించిన. మనసుల పెట్టుకోకు."

 "అన్నా, నేనూ ఒగ మాట చెప్పల్ల. మేత ఒగటి గాదు, రెండు ముక్కలు ఏస్తాంటి."

"నాకెరుకే" అన్నాడు నవ్వుతూ. "ఆ చేపల పొట్టలు చూస్తే తెల్వదా?"

తర్వాత ఆయన నాకు పరీక్షలు నేర్పించాడు. సీసాను అదే తొట్టి నీళ్ళతో మూడుసార్లు కడగాలి. పాత చుక్కలను నమ్మకూడదు. రంగును పగటి వెలుతురులోనే చూడాలి. అనుకున్న జవాబు వస్తే ఇంకోసారి చేయాలి, అనుకోనిది వస్తే రెండుసార్లు చేయాలి. నా చేత కూడా ఒక నోటుపుస్తకం పెట్టించాడు. వారం వారం నా అంకె పక్కన ఆయన అంకె రాసుకునేవాడు. రెండూ కలవని రోజు తనదే తప్పేమోనని మొదట తన సీసానే మళ్ళీ కడిగేవాడు. ఆయనతో పనిచేసిన ఆ మూడేళ్ళలో నేను ఆ ఇంట్లో మనిషినయ్యాను. బాబా ఇప్పుడు పొద్దున గహ్వా కాఫీ తాగుతూ "ఈరోజు నీళ్ళెలా ఉన్నాయి?" అని నన్నే అడుగుతాడు.

చావు కబురు వచ్చిన సాయంత్రం మామాకు చెప్పాను. ఆమె చాలాసేపు తొట్టి వైపు చూసి, ఆయనకు పిల్లలెంతమంది అని అడిగింది. ఒక్కతే కూతురన్నాను. రాత్రి నమాజులో ఆమె చేతులు ఎప్పటికంటే ఎక్కువసేపు ఎత్తి ఉండడం చూశాను. ఎవరి కోసమో అడగలేదు.

ఇంకొక్క సంగతి ఉంది. ఇది ఆయనకు తెలియదు.

పోయిన ఏడాది ఒక శుక్రవారం సెలవు దొరికి, అబూ హలీఫాలో ఉండే మా పిన్నమ్మ కూతురి గదికి వెళ్ళాను. పొద్దున తొమ్మిదవుతుంది. చల్లగా ఉంది. సముద్రం పక్క దారిన నడుస్తుంటే ముందు నీళ్ళన్న కనబడ్డాడు. రెండు చేతుల్లో రెండు ప్లాస్టిక్ క్యాన్లు. పిలవబోయి ఆగిపోయాను. క్యాన్లతో సముద్రానికి ఎందుకు పోతున్నాడు? శుద్ధమైన నీళ్ళలో ఉప్పు కలిపి తొట్టికి పోస్తామని చెప్పి, ఉత్త సముద్రపు నీళ్ళు ముంచుకుపోయి పోస్తున్నాడా? అంత జరిగాక కూడా నా బుద్ధి అలాగే పనిచేసింది. ఒక కారు పక్కన నిలబడి చూశాను.

ఆయన ఒడ్డున రాళ్ళ మధ్య క్యాన్లు దించాడు. అవి నిండుగానే ఉన్నాయి. గది నుంచి తెచ్చుకున్న మంచినీళ్ళు, తర్వాత ఒళ్ళు కడుక్కోవడానికి. చొక్కా విప్పి మడతపెట్టి ఒక క్యాను మీద పెట్టాడు. లుంగీ ఎగగట్టి నీళ్ళలోకి దిగాడు. చూడలేదు, వాసన చూడలేదు. నడుము లోతుకు పోయాక వెనక్కి వాలి వెల్లకిలా తేలాడు. పాడైన నడుముకు అక్కడ బరువు లేదేమో, ఒళ్ళంతా వదిలేసి ఉన్నాడు. చెవులు నీళ్ళలో మునిగి ఉన్నాయి. కళ్ళు మూసుకుని ఉన్నాయి. కళ్ళద్దాలు మాత్రం తడవకుండా గుండెల మీద ఒక అరచేతితో పట్టుకున్నాడు. చిన్న అల వచ్చినప్పుడల్లా ఒడ్డు వైపు కొంచెం, లోపలికి కొంచెం కదులుతూ, ఎండలో ఆ కళ్ళద్దాలు ఒకసారి మెరుస్తూ, ఒకసారి ఆరిపోతూ.